లైసెన్సుదారు స్వయంగా ఉండవలెను

మా స్టాలు గోడకి నా ఫోటో ఒకటి తగిలించి ఉంటుంది. లామినేషన్ చేయించి, కింద పేరూ లైసెన్సు నంబరూ రాయించి పెట్టాం. బస్టాండులో స్టాలు తీసుకున్న ప్రతివాళ్లూ అలా పెట్టాలని షరతు. కానీ మనవాళ్లకి గోడ మీద ఆడదాని ఫోటో ఒక్కటే కనిపిస్తే తోచే ఆలోచన కూడా ఒక్కటే. ఒకసారి పిఠాపురం వెళ్లే పెద్దావిడ ఒకామె మంచినీళ్ల సీసా కొనుక్కుని, ఫోటో వంక జాలిగా చూసి, "అయ్యో, చిన్న వయసేనమ్మా. మీ అక్కగారా?" అంది. "నేనేనండి," అన్నాను. ఆవిడ చిల్లర కూడా తీసుకోకుండా బస్సెక్కేసింది.

ఆ ఫోటో కింద నేను ఐదేళ్లు కూర్చున్నాను. కూర్చోవాలని కూర్చున్నది కాదు.

స్టాలు కల మా ఆయనది. అంతకుముందు ఆయన తట్టలో జామకాయలూ ఉడికించిన వేరుశెనక్కాయలూ పెట్టుకుని, ఆగిన ప్రతి బస్సు కిటికీ దగ్గరికీ పరిగెత్తి అమ్మేవాడు. లైసెన్సు లేదని సెక్యూరిటీ వాళ్లు తరుముతుంటే గోడ దూకి పారిపోయేవాడు. నలభై దాటిన మనిషి గోడలు దూకడం చూస్తే నాకు నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. అలాంటి రోజుల్లో బస్టాండులో ఒక స్టాలు మహిళల కోటాలో టెండరుకి వచ్చింది. ఆయన ఆ సాయంత్రం ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. "పేరొక్కటే నీది. పనంతా నాది. నువ్వు సంతకం పెడితే చాలు," అన్నాడు.

అప్పుడు నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఆరు, ఏడు తరగతులు నావి. లెక్క చేసేముందు ప్రశ్నని రెండుసార్లు చదవండర్రా అని ఎనిమిదేళ్లపాటు పిల్లల చెవులు మెలిపెట్టినదాన్ని, ఆ అగ్రిమెంటుని ఒక్కసారి కూడా చదవలేదు. బాణం గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని ఇంటికి వెళ్లిపోయాను.

నెల గడిచిందో లేదో, ఎవరో ఫిర్యాదు చేశారు. ఒకాఫీసరు వచ్చి, గోడ మీది నా ముఖాన్నీ, కౌంటరు వెనకాల మా ఆయన మీసాలనీ మార్చి మార్చి చూశాడట.

"ఈవిడేరండి?"

"స్కూల్లో ఉందండి. పాఠం చెబుతోందండి."

నిజం చెప్తే మంచిదనుకున్నాడు పాపం. మర్నాటికి నోటీసు వచ్చింది. లైసెన్సుదారు స్వయంగా ఉండవలెను. వేరొకరికి అప్పగించినట్టు మరోసారి రుజువైతే స్టాలు రద్దు. అప్పుడు చదివాను అగ్రిమెంటు, పద్దెనిమిది పేజీలూ, రెండుసార్లు. గడువు ఐదేళ్లు. మధ్యలో వదిలేస్తే కట్టిన అడ్వాన్సు తిరిగి రాదు. నా గాజులు పెట్టి తెచ్చిన అడ్వాన్సు అది. ముందుగా అనుమతి లేకుండా ఒక్కరోజు కూడా మూయకూడదు.

భిన్నాల పాఠం సగంలో ఉండగా స్కూలు మానేశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మంచావిడ. "మీ క్లాసు మీదేనమ్మా. ఏదో ఒకటి సర్దుబాటు చేసుకుని జూన్‌లో వచ్చేయండి," అన్నారు. ఆ జూన్ కోసమే నేనూ మా ఆయనా డిపో ఆఫీసుకి వెళ్లాం, లైసెన్సు ఆయన పేరుకి మార్చమని అడగడానికి. గుమాస్తా చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, ఫైలంతా తిరగేశాడు.

"కుదరదండి. ఒక్క సందర్భంలో మాత్రం వారసులకి మారుస్తారండి," అని నీళ్లు నమిలాడు.

"ఏ సందర్భంలోనండి?"

"పోతేనండి."

"ఎవరు పోతే?"

"తమరేనండి," అన్నాడు, తల దించుకుని.

బయటికొచ్చాక మా ఆయన్ని ఆటపట్టించాను. "విన్నారా, దారి లేకపోలేదు." ఆయన నవ్వలేదు. ఆ రోజు రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకు జాలి వేసింది, దాంతోపాటు ఒళ్లు మండింది. ఇరుక్కున్నది నేనైతే, ఓదార్చాల్సిన పని కూడా నాదేనా?

స్టాలు ఎనిమిదడుగుల గది. లోపలికి వెళ్లాలంటే కౌంటరు చెక్క పైకెత్తి, వంగి దూరాలి. ముందు చిప్స్ ప్యాకెట్ల దండలు, పక్కన ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకుల డబ్బాలు, వెనక ఫ్రిజ్జు. ఆ ఫ్రిజ్జు వేడంతా నా వీపుకి. మా ఆయన మాత్రం సరుకు తేవడానికని, చిల్లర కోసమని ఊరంతా తిరిగేవాడు. లైసెన్సు లేని మనిషి స్వేచ్ఛే వేరు. రాజమండ్రి, అమలాపురం, కాకినాడ, ఏ బస్సు ఎన్నింటికో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒక్కటీ ఎక్కింది లేదు. బాత్రూముకి వెళ్లాలన్నా పక్క టీ స్టాలామెకి చెప్పి, ఆఫీసరు వస్తే అరవమని బతిమాలి వెళ్లేదాన్ని. క్రిస్మస్ ఆరాధనకి ఒక పూట సెలవు కావాలని డిపోకి అర్జీ పెట్టాను. చిన్నప్పుడు జ్వరమొస్తే రాసినట్టే, తమ విధేయురాలు అని. గంటన్నర ఇచ్చారు. పాస్టరు గారి ప్రసంగం సగంలో లేచి వచ్చేశాను.

అన్నిటికంటే నన్ను కాల్చిన రోజు ఒకటుంది. ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడొకడు నీళ్ల సీసా అడిగి, నన్ను చూసి, "టీచర్!" అన్నాడు. ముఖమంతా నవ్వు. ఏడో తరగతిలో వాడికి నిష్పత్తులు ఎంతకీ ఎక్కేవి కావు, ఇంటికి పిలిచి చెప్పాను. "ఇక్కడున్నారేంటి టీచర్?" అన్నాడు.

ఎందుకన్నానో తెలియదు. "మావాళ్లదేరా. కాసేపు చూడమంటే కూర్చున్నాను," అన్నాను.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు వచ్చాడు, చేతిలో రిజిస్టరు పట్టుకుని. "లైసెన్సుదారు ఎవరండి? ఉన్నారా?"

కుర్రాడు నా వంక చూశాడు. లేరంటే స్టాలు పోతుంది. "నేనేనండి," అన్నాను. ఆఫీసరు ఫోటోని, నన్ను పోల్చి చూసి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. వాడు ఏమీ ఎరగనట్టు ఒక చిప్స్ ప్యాకెట్టు కూడా కొని, "వెళ్లొస్తానండి టీచర్," అన్నాడు. మంచి పిల్లాడు. వాడి మంచితనం చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు ప్రతి వేసవిలోనూ ఫోన్ చేసేవారు. నేను ప్రతిసారీ వచ్చే జూన్ అనేదాన్ని. ఐదో వేసవిలో ఆవిడ గొంతు మారింది. "ఈసారి రాకపోతే ఇక లేదమ్మా. నేనీ ఏడాదితో దిగిపోతున్నాను. కొత్త మేనేజ్‌మెంటుకి మీరెవరో తెలియదు." నా గడువు కూడా మేలోనే అయిపోతోంది. "వస్తున్నానండి," అన్నాను. ఐదేళ్లలో అంత గట్టిగా ఏ మాటా చెప్పలేదు. ఆ వారమే రెండు కాటన్ చీరలకి గంజి పెట్టుకున్నాను.

స్టాలుకి మళ్లీ టెండరు పిలిచారు, మళ్లీ మహిళల కోటాలోనే. మా ఆయన ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నేను సంతకం పెట్టను," అన్నాను.

"సరే," అన్నాడు. "తట్ట ఉందిగా."

కోపంతో అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు, గోడలు దూకడానికి మోకాళ్లు సహకరించవని తెలిసి కూడా. నేను మనసు రాయి చేసుకున్నాను. నా జీతం ఉంటుంది, సర్దుకుంటాం అనుకున్నాను. సర్దుకోలేమని లెక్కల టీచర్ని నాకు తెలియదా? అయినా సరే, వెళ్దామనే నిశ్చయించుకున్నాను.

మూడో రోజు మా అమ్మాయి ఆ ఫారం తీసుకుని నా పక్కన కూర్చుంది. ఇంటర్ అయింది, కాకినాడలో నర్సింగ్ సీటు వచ్చింది. దానికి ఆ నెలలోనే పద్దెనిమిది నిండాయి.

"అమ్మా, నా పేరు రాద్దాం. నేను కూర్చుంటాను. డిగ్రీ ప్రైవేటుగా కట్టుకుంటాలే. నువ్వు స్కూలుకెళ్లు," అంది.

ఎవరూ చెప్పి పంపలేదు దాన్ని. వాళ్ల నాన్న వైపు చూశాను, ఆయన ముఖం కూడా పాలిపోయింది. మాకిద్దరికీ చెప్పకుండా మూడు రోజులు ఒక్కతే ఆలోచించుకుంది పిల్ల. ఫోటో కూడా తీయించుకొచ్చింది. నవ్వుతూ దిగింది.

చిన్నప్పుడు కూడా దాన్ని కొట్టి ఎరగను. ఆ రోజు వీపు మీద ఒక్కటిచ్చాను. అదీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత ఫారం లాక్కుని, గళ్లన్నీ నింపి, ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడల్లా నా సంతకం పెట్టాను. ఈసారి ప్రతి పేజీ చదివే పెట్టాను. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. "సరేనమ్మా," అన్నారు.

టెండరు మళ్లీ నాకే వచ్చింది, ఇంకో ఐదేళ్లకి. కాలేజీ తెరిచే రోజున టీ స్టాలామెకి మా స్టాలు ఒప్పజెప్పి, ప్లాట్‌ఫాం దాకా వెళ్లాను. కాకినాడ బస్సులో దానికి కిటికీ పక్కన సీటు దొరికింది. పూతరేకుల డబ్బా ఒకటి ఒళ్లో పెట్టాను. "హాస్టల్ చూడవా అమ్మా, గది ఎలా ఉందో?" అంది. చూడాలనే ఉంది, చాలా ఉంది. "ఫోటోలు తీసి పంపించు," అన్నాను. దాన్ని దిగబెట్టి రావడానికి వాళ్ల నాన్న వెళ్లాడు.