నూటపది లోపల

మా బాపు రక్తపరీక్షల లెక్క ఇంకా నా ఫోనులో ఉంది. అడ్డ వరుసలు ఎనిమిది: పరగడుపు షుగర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కొలెస్ట్రాల్, ఇంకో నాలుగు. నిలువు వరుసలు నాలుగు, ఆర్నెల్లకొకటి. రిపోర్టులో అచ్చేసిన హద్దుల్లో అంకె ఉంటే గడి ఆకుపచ్చగా, దాటితే ఎర్రగా మారేటట్టు నేనే పెట్టాను. షుగర్ వరుసలో 104, 106, 105, 108. నాలుగూ ఆకుపచ్చే. ఆ ల్యాబు రిపోర్టు ప్రకారం 70 నుంచి 110 దాకా నార్మల్.

నేను డిప్లొమా చదివి, బాన్సువాడలో ఒక రైస్ మిల్లులో తేమ మీటర్లు, కాంటాలు చూసుకుంటాను. బాపుకు పిట్లం దారిలో మూడెకరాలు. సగం చెరుకు, సగం వరి. సన్నటి మనిషి. షుగర్ లావుగా ఉన్నవాళ్లకే వస్తుందని మా వాడకట్టు నమ్మకం, నాదీ అదే. బాపుకు పొట్ట మాత్రం కొంచెం ముందుకు ఉండేది. బరువు రాసుకున్నాను గానీ నడుము ఎప్పుడూ కొలవలేదు.

పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి బాపు తయారయ్యేవాడు. అన్నం బంద్, రెండు పూటలా జొన్నరొట్టె. చాయిలో చక్కెర బంద్. పొద్దునా సాయంత్రం కాలువ గట్టు మీద నడక. రక్తం ఇచ్చి బయటికి రాగానే బస్టాండు పక్క హోటల్లో మిర్చిబజ్జీలు, రెండు చాయిలు. ఇది మా బాపు ఒక్కడి సంగతి కాదు. మా వాడకట్టులో షుగర్ పరీక్షకు పోయేవాళ్లంతా ఇంచుమించు అలాగే పోతారు. నాకు తెలుసు. చూసి నవ్వుకునేవాడిని.

నాలుగోసారి రిపోర్టు వచ్చిన రోజు బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది బిడ్డా, పాసయిన్నా?"

"పాసైనవ్ బాపు. నూటెనిమిది."

లోపల చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తకుండానే అంది: "మూడొద్దులు కడుపు మాడ్చుకుంటే ఎవలు పాస్ గారు?"

"నీకు కుళ్లు. నువ్వు ఇచ్చి సూడు, ఫెయిలయితవ్" అన్నాడు బాపు.

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో ఆ రోజు సరైన ప్రశ్న అడిగింది అమ్మ ఒక్కతే. నేను అంకె ఎక్కించుకుని ఫోను జేబులో పెట్టుకున్నాను.

తర్వాతి చెరుకు కోతల్లో బాపు ఎడమ కాలికి చెరుకు మోడు గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు ఆయనకే తెలియలేదు. ఇంటికొచ్చాక చెప్పులో రక్తం చూసింది అమ్మ. నొప్పి లేదన్నాడు గనక పసుపు పెట్టి ఊరుకున్నాం. నొప్పి లేకపోవడమే ఫికర్ చేయాల్సిన విషయమని మాకు తెలియదు. రెండు వారాలకు చిటికెన వేలు నల్లబడింది.

నిజామాబాద్ దవాఖానలో డాక్టరుకు నా ఫోను చూపించాను. నాలుగు ఆకుపచ్చ గడులు. ఆమె ఒక్క క్షణం చూసి, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఏదని అడిగింది. ఆ వరుస నా లెక్కలోనే లేదు. ఆ మధ్యాహ్నమే చేయించారు: 8.1. ఆమె నన్ను కోప్పడలేదు. 5.7 లోపల ఉంటే నార్మల్, 6.5 నుంచి షుగర్ కింద లెక్క అని కాగితం మీద రాసిచ్చింది. పరగడుపుది వంద లోపల ఉండాలట. నూటపది పాత హద్దు. మన దేశపు మనుషులు సన్నగా కనిపించినా నడుము చుట్టూ కొవ్వు చేరి షుగర్ తొందరగా వస్తుందని, చాలామందికి ముందు పెరిగేది తిన్న తర్వాతి అంకేనని చెప్పింది. నేను అన్నీ వరుసగా రాసుకున్నాను. రాసుకుంటుండగానే వేలు తీసేయాలని చెప్పింది.

మిల్లులో వడ్లు వచ్చినప్పుడు నేను సంచి మూతి దగ్గర పిడికెడు తీసి తేమ చూడను. మీద ఎండినవి, అడుగున పచ్చివి ఉంటాయని తెలుసు. గొట్టం అడుగుదాకా గుచ్చి, మూడు చోట్ల తీసి కలిపి చూస్తాను. రైతులు తిట్టుకున్నా అలాగే చేస్తాను. నా బాపు దగ్గర మాత్రం నాలుగుసార్లూ మూతి దగ్గరి పిడికెడుతోనే సరిపెట్టుకున్నాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు, పరీక్షల ముందు ఎందుకట్ల చేసినవని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నువ్వు గా ఫోన్ల ఆకుపచ్చ జూపియ్యంగ మురుస్తుంటివి. నీ లెక్కల ఎర్రది రావద్దని జేసిన బిడ్డా" అన్నాడు.

ఇంటికి తెచ్చింది రక్తపరీక్ష కాదు, పాసు ఫెయిలు చూసే బడి పరీక్ష పేపరు. తెచ్చింది నేను. దానికి తయారవడం తప్ప ఆయన చేసిన తప్పేమీ లేదు.

రంగులు తీసేశాను. కొత్త వరుసలు మూడు చేర్చాను: మూడు నెలల సగటు, తిన్న తర్వాతి షుగర్, నడుము. మొన్న మళ్లీ పరీక్షకు పోయాం. ముందు మూడు రోజులూ బాపు రోజూ తినేదే తిన్నాడు. గట్టు మీద నడకకు పోలేదు, పోలేడు. రిపోర్టు వచ్చాక అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. పాసయిన్నా అని అడుగుతాడని చూశాను. అడగలేదు.

"ఎంత?" అన్నాడు.

"ఏడు పాయింట్ రెండు" అన్నాను.

తల ఊపి, ఎడమ చెప్పును చేత్తో పట్టుకుని కాలికి తొడుక్కున్నాడు.