అత్త చెప్పిన ముగింపు

మొన్న మా అమ్మాయి నన్ను ఫోన్‌లో పుస్తకాల గుంపు ఒకదానిలో చేర్చింది. పొద్దున లేచేసరికి అందులో ఎవరో ఒకరు "ఏదైనా మంచి నవల చెప్పండి" అని అడిగి ఉంటారు. పదిమంది పది పేర్లు చెబుతారు, ఇంకో పదిమంది ఆ పదీ బాగాలేవంటారు. నిన్న ఒకావిడ షరతులు పెట్టి మరీ అడిగింది. లావుగా ఉండకూడదట, ఏడుపు ఉండకూడదట, మధ్యలో లేచి వెళ్ళి వచ్చినా కథ అందాలట. చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా అత్త ఉన్న రోజుల్లో ఈ ఫోన్లుంటే ఆ గుంపునంతా ఒంటిచేత్తో నడిపేది.

నేను ఉరవకొండ పక్క పల్లెకు కోడలిగా వెళ్ళింది తొంభైల చివర్లో. పుట్టిల్లు గుంతకల్లు, మా నాయన రైల్వేలో పనిచేసేవాడు. క్వార్టర్స్ దగ్గర అద్దెకు నవలలిచ్చే అంగడి ఒకటుండేది, నా డిగ్రీ సగం అక్కడే పూర్తయింది. పెళ్ళిచూపుల్లో అత్త అడిగిన మొదటి మాట "నవలలు చదువుతావేమ్మా?" అని. నవలలు చదివే పిల్ల పని చేయదని లోకం అనుకునే రోజులవి. మా అమ్మ నా కాలు తొక్కింది. "చదవనండీ" అన్నాను. అత్త మొహం వాడిపోయింది. పెళ్ళయిన కొత్తలో నా పెట్టె అడుగున రెండు నవలలు ఆమె కంట పడేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. పడిన రోజు మాత్రం పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా, "ఇట్లాంటివి ఇంకా యాడుండాయి?" అని అడిగింది.

అత్తకు నవల కావాలంటే మొహమాటం లేదు. గాజులమ్మే ఆమెను, సూదివేసే కాంపౌండరును, బస్సు కండక్టరును కూడా "ఏమప్పా, మంచి నవల చదివినావా ఈ మధ్య?" అని అడిగేది. చదివాక తీర్పు చెప్పడానికీ మొహమాటం లేదు. నాయికలు పొద్దస్తమానం కిటికీ దగ్గర నిలబడతారని కోపం. "ఇల్లు ఎవురు చిమ్మినారు, అంట్లు ఎవురు తోమినారు? ఆ రాసినాయప్ప చెప్పడే!" అనేది. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు వాన గురించి. నాలుగు పేజీలకొకసారి నాయిక తడిసిపోయే నవల ఒకటి చదివి, "వీండ్లకు ఇంత వాన యాడ్నించి వస్తాదే? విత్తేదానికి ఒక్క పదును వాన మా చేనికి పంపితే ఏం పోయింది?" అని పుస్తకం మూసేసింది. మళ్ళీ సాయంత్రానికి తెరిచి చివరిదాకా చదివిందనుకోండి.

నా గొడవ వేరే ఉండేది. పెళ్ళికి ముందే బి.ఎడ్. ఎంట్రన్సు రాసి మంచి ర్యాంకు తెచ్చుకున్నాను. టీచరు కావాలన్నది చిన్నప్పటినుంచీ కోరిక. సంబంధం మాట్లాడేటప్పుడు "చూద్దాంలే" అన్న మామ, పెళ్ళయ్యాక చూడడం మానేశాడు. అనంతపురంలో చేరే గడువు దగ్గర పడుతోంది. మా ఆయన్ని కదిలిస్తే "నాయన్ను అడగాల" అనేవాడు. నాయనను అడిగే ధైర్యం ఆయనకు లేదు, నాకు అంతకన్నా లేదు. మామ చెడ్డవాడు కాదు, చేనుకూ మబ్బుకూ నలుగురి మాటకూ భయపడే మనిషి, అంతే. కోడల్ని టౌనులో పెట్టి చదివిస్తే ఊరు ఏమనుకుంటుందోనని ఆయన దిగులు. ఇక అత్త మామకు ఎదురు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఆ దారి మూసుకుపోయిందని రోజూ ఏడుపు మింగుకుంటూ తిరిగేదాన్ని.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. విత్తనం కాయలు ఒలిచే పని సాగుతూనే ఉంది. వేరుశనగ విత్తనం చేత్తోనే ఒలవాలి. పప్పు రెండు బద్దలైతే మొలవదు, పైన ఎర్రపొర ఊడినా అనుమానమే. మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా నడవలో కూర్చుని, బొటనవేళ్ళు పుండ్లు పడేలా ఒలిచేవాళ్ళు. వాళ్ళు అలసిపోకుండా అత్త తాను చదివిన నవల చెప్పేది. బయట జగిలి మీద, అదే అరుగు మీద, మామ తువ్వాలు మొహాన వేసుకుని పడుకునేవాడు. నిద్రపోతున్నాడనే అనుకునేవాళ్ళం. అత్త నీళ్ళు తాగడానికి లేస్తే మాత్రం తువ్వాలు కిందనుంచి "ఆ పిల్ల ఏమాయె?" అని గొంతు వచ్చేది.

ఒకరోజు అత్త చెబుతున్నది నేను గుంతకల్లు నుంచి తెచ్చిన నవలే. అందులో కోడలు చదువు మానేసి, ఇంటిల్లిపాదికీ సేవ చేసి, జబ్బుపడి మామగారి చేతుల్లో కన్నుమూస్తుంది. మామగారు భోరున ఏడుస్తాడు, నవల అయిపోతుంది. అద్దె తీసుకుని మరీ ఏడిపించారని నేను తిట్టుకున్న పుస్తకం. అత్త చెప్పే కథలో ఆ కోడలు చావలేదు. మామే ట్రంకుపెట్టె భుజాన వేసుకుని ఆమెను కాలేజీలో దిగబెట్టి వచ్చాడు. "ఊర్లో వాండ్లు ఏమన్లేదా?" అని ఒకామె అడిగింది. "అనినారు. రెండు దినాలు అని, మూడోనాడు వాండ్ల పనికి వాండ్లు పోయినారు" అంది అత్త, జగిలి వైపు గొంతు కాస్త పెంచి. నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అత్త నావైపు చూడనైనా చూడలేదు. ఆమె ఎవరికోసం చెబుతున్నదో అప్పుడు అర్థమై, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళింకా రాలేదు, నేనూ అత్తా ఒలుస్తున్నాం. మామ చేని నుంచి వచ్చి, తువ్వాల్లో చుట్టిన ఆ నవల తీసి నా ఒళ్ళో పెట్టాడు. "ఆ మామ కోడల్ని కాలేజీకి తోడుకొని పోయేది ఉండాదే, అది చదువమ్మా, విందాం" అన్నాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. అత్త తల వంచుకుని కాయలు గబగబా ఒలవసాగింది. అది పుస్తకంలో లేదని చెబితే అత్త మాట పోతుంది, నా చదువూ పోతుంది. ఏదో పేజీ తెరిచి, దాని మీద చూపు నిలిపి, లేనిది చదవడం మొదలుపెట్టాను. ఆ మామ పెట్టె మోశాడు, బస్సులో కిటికీ పక్క చోటు పట్టాడు, హాస్టలు గేటు దగ్గర "బాగా చదువు తల్లీ, ఇంటి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. మా మామ నోట ఏ మాటలు వినాలని నేను రోజూ కలలు కంటున్నానో అవన్నీ ఆ కథలో మామ చేత అనిపించాను.

"పేజీ తిప్పమ్మా. అంతసేపు ఒకే పేజీ ఎవురు చదువుతారు?" అన్నాడు మామ.

తిప్పలేదు. పుస్తకం మూసేశాను. మామ కూర్చుని కాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "నిన్న చేని కాడ ముగించినా దాన్ని. ఆ పిల్ల సచ్చిపోయె, ముసిలోడు ఏడ్సె. పోయినాంక ఏడ్సి ఏం లాభమప్పా?" అన్నాడు. అత్త చేతులు ఆగిపోయాయి. "మీ అత్తాకోడండ్లు చెప్పేదే బాగుండాది. అట్లనే కానీ. ఎప్పుడు పోవాల్నో చెప్పు, నేనే తోడుకొని పోతా" అని లేచి, చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన అటు తిరగ్గానే అత్త గుప్పెడు పప్పు నా చేతిలో పోసింది. విత్తనం పప్పు ఆ ఇంట్లో ఎవరినీ తిననిచ్చేది కాదు. ఇద్దరం తిన్నాం.

ఇరవై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెబుతున్నాను. అత్తా లేదు, మామా లేడు. ఆ నవల రాసినవారి పేరు కూడా మరిచిపోయాను. పుస్తకంలో ఆ కోడలు అంత చిన్న వయసులోనే ఆగిపోయింది. అత్త చెప్పిన కథలో మాత్రం ఆమె నాతోపాటే ఏడాదికొక ఏడు పెద్దదవుతూ, జుట్టు నెరిసి, కళ్ళజోడు పెట్టుకుని, ఇంకా బతికే ఉంది.