గవాక్షి కింద మగ్గం

ఆ పొద్దు మగ్గం ముందు కూర్చున్నప్పటి నుంచే నా మనసు ఒప్పలేదు. నెత్తిన మనుషులు నడుస్తున్నారు. వాళ్లు అడుగు వేసినప్పుడల్లా పైకప్పు దంతెల సందుల్లోంచి మట్టి రాలి మగ్గం మీది పడుగు దారాల మీద పడుతోంది. దులుపుకుంటూనే నేస్తున్నాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ప్రొద్దుటూరు, నేతపని. మట్టి మిద్దె కారుతోందని పైమట్టి తీయించి సున్నం వేయిస్తున్నాము. మేస్త్రి దస్తగిరి మామ ముందే చెప్పాడు. "అప్పా, పని అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేసి యాడన్నా ఉండండి." మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. గుంట మగ్గాన్ని చంకన పెట్టుకుని పోలేము కదా. ఉండిపోయాము. పోనీ, గవాక్షి అయినా మూస్తానన్నాడు. వెలుతురు కోసం మిద్దెకు వదిలే ఆ కంత సరిగ్గా నా మగ్గం పైన ఉండేది. "అది మూస్తే పోగు ఎట్ల కనపడతాది మామా" అన్నాను. తెరిచే ఉంచాడు.

మధ్యాహ్నం పైనుంచి "అప్పా, జాగర్త" అని కేక వినబడింది. కేక వినబడితే ఎవరైనా ఏం చేస్తారు, తలెత్తి చూస్తారు. నేనూ చూశాను. ఉడికీ ఉడకని సున్నం, జారిన గంపలోంచి వచ్చి రెండు కళ్లలో పడింది. కాళ్లు మగ్గం గుంటలో ఉన్నాయి, పక్కకు దూకే వీలు కూడా లేకపోయింది.

నా భార్య లక్షుమమ్మ నీళ్ల కుండ ఎత్తుకుని పరుగున వచ్చింది. నిచ్చెన దిగి వచ్చిన దస్తగిరి మామ ఆ కుండ లాక్కున్నాడు. "నీళ్లు పొయ్యొద్దు లక్షుమమ్మా, సున్నం ఉడుకుతాది, కండ్లు పోతాయి." ఆయన జన్మంతా సున్నంతో గడిపిన మనిషి. నీళ్లు తగిలితే సున్నం ఎలా కుతకుతమంటుందో మా పెరట్లోనే అందరం చూశాము. ఆయన మాట కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? కళ్లలో ఆముదం పోశారు. తడిగుడ్డ కూడా తగలనివ్వలేదు.

ప్రొద్దుటూరు డాక్టరు చూసి జమ్మలమడుగు ఆసుపత్రికి పొమ్మన్నాడు. బస్సులో చేరేసరికి పొద్దుగూకింది. అక్కడి డాక్టరమ్మ రెప్పలు తిప్పి సున్నం గడ్డలు ఏరింది, సెలైన్‌తో చాలాసేపు కడిగింది.

"నీళ్లతో కడగలేదా?"

"లేదమ్మా, ఉడుకుతాదని ఆముదం పోసినాము."

"కంట్లో తడి ఉంటుంది కదా. దానికే అది ఎట్లాగూ ఉడికింది. కుండలకు కుండలు పోసి ఉంటే కొట్టుకొనిపోయేది. ఇది కెమికల్ బర్న్. రెండు కార్నియాలూ కాలినాయి."

"నా చేతిలోనే ఉన్నింది కదమ్మా కుండ" అంది లక్షుమమ్మ. ఆ మాట ఇప్పటికీ అంటుంది, అన్నం పెడుతూ కూడా అంటుంది.

అట్రోపిన్ డ్రాప్స్, ఆయింట్‌మెంట్. రెప్పలు కనుగుడ్డుకు అతుక్కోకుండా రోజూ గాజుపుల్ల లోపల తిప్పేవారు. ఆ నొప్పి గురించి చెప్పను. కుడికన్ను పోయింది. ఎడమ కంటికి ఆశ ఉందన్నారు. వేళ్లు లెక్కపెట్టగలిగిన రోజు చిన్నపిల్లాడిలా అందరికీ చెప్పుకున్నాను.

కొన్నాళ్లు విశ్రాంతి కోసం పులివెందులలో బామ్మర్ది ఇంటికి పోయాము. మా అత్త నందివర్ధనం పూల రసం పిండి ఆ కంట్లో వేసింది. "చలవ చేస్తాది నాయనా" అంది. ప్రేమతోనే వేసింది. కన్ను ఎర్రబడి, చీము పట్టింది. మళ్లీ జమ్మలమడుగు.

"అల్సర్ వచ్చింది. మానినా ఒపాసిటీ, చూపుకు అడ్డంగా తెల్లమచ్చ మిగులుతుంది" అంది డాక్టరమ్మ. మద్రాసులో కంటిపొర మార్చే గ్రాఫ్టింగ్ చేస్తారట కదా అని అడిగాను. "మీ కంటికి నిలవదు. అబద్ధం చెప్పలేను."

ఆ సాయంత్రం ఆసుపత్రి బావి ఎక్కడుందని అడిగాను. లక్షుమమ్మ తీసుకెళ్లింది గానీ నా చెయ్యి వదల్లేదు. ఎందుకడిగానో ఆమెకు తెలిసే ఉంటుంది. అట్లే పట్టుకుని వార్డుకు తిరిగి తీసుకొచ్చింది.

ఇప్పుడు మిద్దె కారదు. బాగా వచ్చిందని చూసినవాళ్లు అంటారు. మెడ మీద ఎండ తగిలితే గవాక్షిలోకి పొద్దు వచ్చిందని తెలుస్తుంది. మగ్గం లక్షుమమ్మ నేస్తుంది, నేను తడుముకుంటూ దారం కండెలు చుడతాను. దస్తగిరి మామ అప్పుడప్పుడూ వచ్చి అరుగు మీద కూర్చుని, టీ తాగి పోతాడు. కోపం లేదంటే అబద్ధం. ఉంది. ఎవరి మీదనో తెలియదు. బతుకు బాగుపడిందని చెప్పడానికి ఇది రాయించడం లేదు.

ఒక్కటే చెప్తాను. ఇంట్లో మనుషులుండగా మిద్దె పని పెట్టుకోకండి. తప్పకపోతే పని జరిగేచోటి కింద కూర్చోకండి, పడుగు కోయాల్సి వచ్చినా కోసేయండి. సున్నం కంట్లో పడితే పైనున్నది దులిపి, వెంటనే నీళ్లు పోయండి. డాక్టరు దగ్గరికి చేరేదాకా పోస్తూనే ఉండండి. ఎంత తెలిసినవాళ్లు ఆపినా ఆగకండి.

మా వీధిలో ఎవరింట్లో సున్నం పని జరిగినా లక్షుమమ్మ మగ్గం దిగి, నిండుకుండ ఎత్తుకుని వాళ్ల గడప దగ్గర కూర్చుంటుంది. మొన్న దస్తగిరి మామ పని చేసే ఇంటికీ పోయింది. ఆయన పని ఆపి, ఆమెకు నీడలో గోనె పరిచాడట. కుండ మాత్రం ముట్టుకోలేదట.