ఎద్దు నోట్లో చెయ్యి పెట్టిన ఇనాయతుల్లా

“రేపు మా పాప జట్టు గెలుస్తుందేమోనని భయంగా ఉంది చిచ్చా.”

అన్నాక ఆ మాట నాకే వింతగా తోచింది. ఇనాయతుల్లా చిచ్చా మాత్రం నవ్వలేదు. టీవీ గొంతు తగ్గించి, “కూచో తల్లీ. ఏమైంది?” అన్నాడు.

మేం ప్రొద్దుటూరులో ఆయన ఇంటి మేడ మీద అద్దెకుంటాం. నేను జువాలజీ చదివి ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా పాప నాలుగో తరగతి, బడి ఖోఖో జట్టులో ఆడుతోంది. ఐదో తరగతి లోపు పిల్లల పోటీలవి. మర్నాడే ఫైనల్. జట్టులోకి ఏడో తరగతి పిల్లను దింపారు. ఆ పిల్ల నా భుజం దాకా ఉంది. డ్రిల్లు సారును అడిగితే, “అందరూ చేసేదే మేడమ్. అవతలోళ్లు ఇద్దర్ని దించినారు, మనం ఒక్కర్నే గదా” అన్నాడు. అక్కడున్న తల్లులు నవ్వారు. అంతకన్నా బాధపెట్టింది మా పాప మాట. రూల్సన్నీ దానికి నేనే నేర్పాను. అయినా “ఆ అక్క ఉంటే మేమే గెలుస్తామమ్మా!” అంటూ ఎగిరింది.

ఇదంతా చెబుతుంటే చిచ్చా కళ్లు టీవీ మీదే ఉన్నాయి. అందులో మంచు గచ్చు మీద ఒకాయన గుండ్రటి రాయిని తోస్తున్నాడు. దాని ముందర ఇద్దరు చీపుర్లతో ఆదరాబాదరాగా ఊడుస్తున్నారు. మా పాప ఆయన పక్కనే చాప మీద కూర్చుని ఊడ్చేవాళ్లను ఉత్సాహపరుస్తోంది.

ఆయనకు ఇలాంటి ఆటలే ఇష్టం. కువైట్‌లో ఉన్న కొడుకు ఖాజా డిష్ పెట్టించిన దగ్గర్నుంచి, తనకు తలా తోకా తెలియని ఆటలు వెతికి వెతికి చూస్తాడు. గోచీలు కట్టిన లావుపాటి మనుషులు తోసుకునే ఆట, గుడ్డబల్ల మీద రంగు గుండ్లు పొడిచే ఆట. ఒకసారి నేను ఫోన్‌లో చదివి, ఈ మంచుబండ ఆటలో పాయింట్లు ఎలా ఇస్తారో చెప్పబోయాను. రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకున్నాడు.

“చెప్పద్దు తల్లీ, నీకు పుణ్యముంటాది! తెలిసిందంటే ఈ ఆట గూడా సచ్చిపోతాది నాకు.”

కబడ్డీ వస్తే లేచి వెళ్లిపోతాడు. క్రికెట్ ఆయన భార్య ఖదీజమ్మది. ఆమెకు ఎల్బీ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. బంతి గాల్లోకి లేస్తే చాలు, ఎవరు కొట్టినా చప్పట్లు కొడుతుంది. పట్టుకున్నా కొడుతుంది.

“యా జట్టు తరఫున కొడ్తాండావే?” అని చిచ్చా వెక్కిరిస్తే, “బాగా ఆడినోని తరఫున. నీ మాదిరి మొగం మాడ్చుకోని కూచుంటానా?” అంటుంది.

రూల్స్ తెలిస్తే ఆట మరింత రుచిస్తుందని నేననుకునేదాన్ని. ఆ సాయంత్రం అదే ఆయనతో అన్నాను. చిచ్చా టీవీ పూర్తిగా ఆపేశాడు. పాపను, “పో నాయనా, అవ్వ దగ్గర బొరుగులు తిను పో” అని లోపలికి పంపించాడు.

ఆయనది జమ్మలమడుగు. తండ్రి ఎద్దులకు లాడాలు కొట్టేవాడు, ఆయనా అదే పని నేర్చాడు. తాడు మెలివేసి ఎద్దును నేల మీద పడేసి, కాళ్లు నాలుగూ కట్టి, గిట్టల కింద ఇనుప లాడాలు మేకులతో దిగ్గొట్టాలి. మేకు నూలుపోగంత ఎక్కువ లోపలికి పోయిందా, ఎద్దు కుంటుతుంది. ఈయన లాడాలు కొట్టిన ఎద్దు ఒక్కటీ కుంటిన పాపాన పోలేదని పేరు. అటు పులివెందుల వైపు నుంచి కూడా బండలు లాగే ఎద్దులను తోలుకొచ్చేవాళ్లు.

బండలాగుడంటే ఆయనకు ప్రాణం. “తెలియనోనికి అది రెండు ఎద్దులు, ఒక బండ. నాకు అట్ల గాదు” అన్నాడు. ఏ ఎద్దు వలపట, అంటే కుడి పక్క, బాగా లాగుతుందో, ఏది ఎడమ పక్క దాపట బాగుంటుందో ఆయనకు తెలుసు. చివరికంటా పోయి వెనక్కి తిప్పేటప్పుడు లోపలి ఎద్దు కాలు ఎక్కడ ఆనించిందో చూసి, ఈ జత గెలుస్తుందో లేదో ముందే చెప్పగలడు. గీత దాటితే బండ లెక్కలోకి రాదని, ముల్లుగర్ర వాడకూడదని, ప్రతి రూలు వెనకా ఒక కారణం ఉందని చెబుతున్నప్పుడు, ఆయన మొహంలో నేనెన్నడూ చూడని వెలుగు కనిపించింది. అంటే నేను చెప్పిందీ అబద్ధం కాదు. తెలిసి చూడటంలోని రుచి ఆయన ఎరిగినవాడే.

ఫ్యాక్షన్ రోజులు. కొండ కింద ఊరిలో ఒక పార్టీ నాయకుడు ఉండేవాడు, పెద్దాయన అనేవాళ్లు. ఏటికి అవతల ఊరిలో రెండో పార్టీ నాయకుడు. వీళ్ల మనుషుల మధ్య మాటా మంతీ లేదు, బాంబులే. కానీ ఎద్దులకు లాడాలు మాత్రం ఇద్దరికీ ఇనాయతుల్లానే. అందుకే తిరునాళ్లలో పోటీ పెడితే ఎద్దుల పళ్లు చూసే పని ఈయనకిచ్చారు. ఈయన మాటకు రెండు పార్టీలూ ఎదురు చెప్పకూడదని కట్టడి.

పశువుల వయసు పళ్లను బట్టే తెలుస్తుంది. ఎద్దుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి. పాలపళ్లు జతలు జతలుగా ఊడి, వాటి చోట పెద్ద పళ్లు వస్తాయి. నాలుగు పెద్ద పళ్లున్న జతకు ఒక బండ, ఆరు పళ్ల జతకు అంతకన్నా బరువైన బండ. ఆరు పళ్ల ఎద్దును నాలుగు పళ్ల పోటీలో దింపితే, పిల్లవాడి మీదికి పెద్దవాడిని వదిలినట్టే.

ఆ ఏడు నాలుగు పళ్ల పోటీకి పెద్దాయన జత వచ్చింది. చిచ్చా అందులో ఒక ఎద్దు నోరు తెరిపించాడు.

“నాలుగు పళ్లు బాగుండాయి. వాటికి రెండు పక్కలా ఖాళీ. పాలపళ్లు ఊడినాయి, కొత్తవి రావాల అనుకోవచ్చు. ఏలు పెట్టి చూసినా. పాలపన్ను ఊడిన గుంత చిన్నగుంటాది తల్లీ, కింద కొత్త పన్ను మొన తగులుతాది. ఇది పెద్ద గుంత. లోపల ఏమీ లేదు. ఏలు బయటికి తీస్తే నెత్తురు. పటకారుతో పీకినారు నాయాళ్లు.”

పళ్లు చిగుళ్లలో ఎంత లోతుకు వేళ్లూనుకుని ఉంటాయో పుస్తకంలో బొమ్మలు వేసి పిల్లలకు చెప్పేదాన్ని నేను. ఎన్ని గంటలు ఆ ఎద్దును నేలకు అదిమిపట్టి ఉంటారు?

మైకులో అరుస్తున్నారు: “ఇనాయతు సాయిబు ఏమంటాడో వినండప్పా! ఎన్ని పళ్లు సాయిబూ?”

చిచ్చా తల వంచుకుని వేలి మీది నెత్తురునే చూస్తున్నాడు. తమ్ముడు ఇస్మాయిల్ కాపురం పెద్దాయన ఊళ్లోనే. ఆరు అంటే ఎద్దు పోటీలో ఉండదు, ఏటవతలోళ్లు ఈలలు వేస్తారు, ఈ పక్క సంచుల్లోంచి బాంబులు బయటికొస్తాయి. ఇస్మాయిల్ పిల్లలు కళ్లముందు మెదిలారు.

“ఏంది సాయిబూ, పళ్లు లెక్కబెట్టమంటే నిమాజు చేస్తాండావే?” అని ఎవడో అన్నాడు. జనం గొల్లుమన్నారు.

“నాలుగు” అన్నాడు చిచ్చా.

ఏటవతలోళ్లు ఏం చేస్తారోనని భయంగా అటు చూశాడు. వాళ్లూ నవ్వుతున్నారు. పందిట్లో వాళ్ల నాయకుడు పెద్దాయన పక్కనే కూర్చుని సోడా తాగుతున్నాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఒకరికి మండలం, ఇంకొకరికి మార్కెట్ కమిటీ అని రాజీ అయ్యారు. ఆ రోజు ఆ ఎద్దు గెలవాలనీ అప్పుడే కూడబలుక్కున్నారు. చిచ్చా తలచుకుని వణికిన బాంబులు అసలు ఆ రోజు ఎవరి సంచిలోనూ లేవు.

పక్కనున్నవాడు తువ్వాలు ఇచ్చాడట. “చెయ్యి తుడుచుకో సాయిబూ. వక్కాకు ఎంగిలనుకుంటారు జనం.”

ఎద్దు లాగింది. నోట్లోంచి ఎర్రటి నురగ మట్టి మీద కారుతుంటే లాగింది. తిరిగినప్పుడల్లా ఈలలు.

“ఆడుండేటోళ్లంతా సేద్యగాళ్లు తల్లీ. పళ్ల సంగతి తెలియనోడు ఒక్కడన్నా ఉంటాడా? నురగ చూసినారు, నా చెయ్యి చూసినారు. తెలిసి కొట్టినారు చప్పట్లు. ఖదీజా తెలియక కొడ్తాది, అది ముద్దుగుంటాది. తెలిసినోళ్లు కొట్టే చప్పట్లుండాయే, థూ! అసయ్యం.” ఆగాడు. “నేనూ కొట్టినా. అందరూ నా వైపు చూస్తాంటే కొట్టినా.”

బహుమతి ఇచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత మనసు నిలవక జమ్మలమడుగులో టీ అంగడి దగ్గర, పన్ను పీకినారప్పా అని నలుగురిలో అన్నాడు. “ఓడినోళ్ల దగ్గర యెంత దుడ్లు తిన్నావు సాయిబూ, ఇప్పుడు గుర్తొచ్చిందా?” అన్నారు. ఆ ఎద్దు గడ్డి సరిగా కొరకలేక చిక్కిపోయింది. లాడాలకని మళ్లీ తీసుకొస్తే చిచ్చా దాన్ని పడేయలేక సుత్తి కింద పెట్టేశాడు. ఆ తర్వాతే ప్రొద్దుటూరు వచ్చి గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో చేరాడు. ఆ పనిలోనే పిల్లలను పెద్దచేశాడు. రూలు తెలిసిన ఏ ఆటలోనైనా ఆయన కళ్లు ముందు మోసాన్నే వెతుకుతాయి. బౌలరు గీత దాటాడా, రిఫరీ ఎవరి మనిషి, ఇదే. ఆట ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియదట.

మా పాపకు కూడా అలాగే అవుతుందా, లేక ఆ జనంలా అవుతుందా? రెండిట్లో ఏది తక్కువ చెడు? రాత్రంతా అదే ఆలోచన.

ఉదయం పాపను తీసుకుని బయలుదేరుతుంటే చిచ్చా గేటు దగ్గర ఉన్నాడు. “ఏం చేయాలనుకుంటాండావు?” అన్నాడు.

“ఆట అయ్యాక సారుతో గట్టిగా మాట్లాడతాను చిచ్చా.”

“అయినాకనా?” అన్నాడు. మొహం మాడ్చాడు. “నా కతంతా విని ఇదేనా నీకు తలకెక్కింది?” అని, ఏం చేయాలో రెండు ముక్కల్లో చెప్పాడు.

గ్రౌండులో పిల్లలు వరుసగా నిలబడకముందే డ్రిల్లు సారు దగ్గరికి వెళ్లాను. మిగతా తల్లులకు వినబడేలా, ఏడో తరగతి పిల్లతో ఆడిస్తే మా పాప ఆడదని చెప్పాను.

“మీ పాప లేకుంటే ఆట నిలబడదనుకుంటాండారా మేడమ్?” అన్నాడాయన. ఒక తల్లి, “పోనీలేండి సార్, చదువుకున్నోళ్లు గదా” అంది. పాప నా చెయ్యి విదిలించుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. ఎత్తుకునే తీసుకొచ్చాను. వాళ్లు గెలిచారు. కప్పుతో ఫోటో దిగారు. అందులో మా పాప లేదు. చాలా రోజులు అది నాతో ముభావంగా ఉంది. “నువ్వే రూలు నేర్పితివి, నువ్వే ఆడనియ్యవు” అంది.

ఖోఖో మాత్రం మానలేదు. వేరే పోటీల్లో ఆడుతోంది. నేను ప్రతి ఆటకూ వెళ్తున్నాను, భయపడుతూనే. ఈ మధ్య ఒకచోట మేం చూస్తున్న, దాని ఈడు మగపిల్లల పరుగు పందెంలో మీసాలొచ్చిన పిల్లవాడు నిలబడితే, నేను లేవకముందే పాప లేచింది. నేనూ లేచి, ఎందుకు పోతున్నామో అక్కడున్నవాళ్లకు చెప్పి వచ్చేశాను. గేటు దగ్గర చిచ్చా చెప్పింది అంతే:

“రూలు బిడ్డకు పూర్తిగా నేర్పు. తెలిసి తెలిసి అందరూ దాన్ని తొక్కేటప్పుడు లేచి రా, ఎందుకు లేస్తాండావో ఆడనే చెప్పు. ఎవరు గెలిచిందీ తేలకముందే లేయాల తల్లీ. తేలినాక లేస్తే ఓడినోని ఏడుపంటారు.”