ఇరవై మూడు సెకన్ల కొసరు

కూరగాయల కొట్లో కొసరు అడిగితే వేస్తారు. వీడియో గేముల కొట్లో కొసరు కొనుక్కోవాలి. ఆటకు ఒక ధర. ఆటలో వినిపించే సంగీతాన్ని విడదీసి ఆల్బమ్ చేసి, ఆటలో కనిపించే బొమ్మలను ఏరి ఆర్ట్‌బుక్ చేసి, రెండూ కలిపి ‘ప్రత్యేక ప్యాకేజీ’ అంటే దానికి ఇంకో ధర. ఆట కొన్నవాడి దగ్గర ఆ సంగీతం అప్పటికే ఉంది, ఆ బొమ్మలూ ఉన్నాయి. అయినా కొంటాడు. దీన్ని కళాభిమానం అనేవాళ్ళున్నారు, దోపిడీ అనేవాళ్ళున్నారు. రెండూ ఈ సరుకు మోయలేనంత బరువైన మాటలు. నచ్చిన దాన్ని మనిషి రెండోసారి కూడా కొంటాడు, అంతే.

ఈ కొసరు తయారయ్యే ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. నలభై ఆరేళ్ళు. అందరూ చప్పుళ్ళాయన అంటారు. సంగీతం కట్టేది వేరే మనిషి. పోస్టర్ మీద పేరుండేది అతనిదే. తలుపు కిర్రుమనడం, బురదలో బూటు దిగబడడం, రేకుల మీద వాన పడడం, ఇవి ఇతని పని. ఇతని బీరువా తెరిస్తే తుప్పు పట్టిన గొళ్ళేలు, అరిగిన చెప్పులు, మూతలు పోయిన గిన్నెలు. పెళ్ళెందుకు చేసుకోలేదయ్యా అంటే, “మా ఇంట్లో ఇప్పటికే చప్పుడెక్కువ” అంటాడు. ఈ జోకు పదేళ్ళుగా నడుస్తోంది. ఇంతవరకూ ఎవరూ నవ్విన దాఖలా లేదు.

అతని అసలు పనితనం అతుకులో ఉంది. ఆటలో పాటకు చివర ఉండదు. ఆడేవాడు ఒక గదిలో రెండు నిమిషాలు ఉంటాడో రెండు గంటలు తచ్చాడతాడో ఎవరికి తెలుసు? అందుకని చిన్న ముక్క కోసి, దాని తోకను దాని తలకే అతికించి, గుండ్రంగా తిరగనిస్తారు. అతుకు చెవికి తెలియకూడదు. చప్పుళ్ళాయన వేసిన అతుకును పట్టుకున్నవాడు ఆ ఆఫీసులో ఇంకా పుట్టలేదు.

రెండేళ్ళ కిందట ఒక ఆటకు పాత సత్రం వంటిల్లు కావలసివచ్చింది. కత్తి చప్పుడు, మూత చప్పుడు, కుళాయి చప్పుడు. చప్పుళ్ళాయన ఆఫీసు రికార్డర్ ఇంటికి తెచ్చి వంటింటి అలమరలో పెట్టాడు.

“ఏంట్రా ఇది, కరెంటు మీటరా?” అంది వాళ్ళమ్మ.

“రికార్డరమ్మా. నువ్వు దాన్ని పట్టించుకోకు. రోజూ చేసే పనే చెయ్యి.”

“రోజూ చేసే పని చెయ్యమని చెప్పడానికో మిషను! జీతమిస్తారా నాకు?”

“ఆఫీసులో అడుగుతాలే.”

“అడిగావులే.”

ఆవిడ కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. తరుగుతూ కూనిరాగం తీసింది. ఏం పాటమ్మా అని ఎప్పుడైనా అడిగితే, “పాటా నా మొహమా! చెయ్యి ఆడుతుంటే నోరు ఊరుకోదు” అనేది. మాటలు లేని రాగం. మొదట రెండు వరసలు కింద కిందనే తిరుగుతుంది. తర్వాత ఎక్కడికో పైకి పోతుంది. ఆ రోజు మొదటి రెండు వరసలయ్యాక ఆవిడ ఆగి, గట్టిగా ఊపిరి తీసుకుని, ముందు గదిలో ఉన్న కొడుకుతో ఏదో అంది. అతను “ఊఁ” అన్నాడు. ఏమందో వినలేదు. ఆవిడ మళ్ళీ రాగం అందుకుని పైకి తీసుకెళ్ళింది. అలా తొమ్మిది నిమిషాలు. మధ్యలో ఇంకో రెండు మూడు మాటలు.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. తర్వాత మార్చేద్దాం, ప్రస్తుతానికి ఇది పెడదాం అనుకున్న ప్రతి ఫైల్‌కూ పేరు ముందు ‘జంక్’ అని రాస్తారు. చప్పుళ్ళాయన కూడా రాశాడు: జంక్, వంటిల్లు, అమ్మ. సంగీతం మనిషి సత్రానికి పాట కట్టే దాకా ఉంటుందని ఆ కూనిరాగాన్ని సత్రంలో పెట్టాడు. డైరెక్టర్ విన్నాడు. “ఎవరీవిడ? దీన్ని మాత్రం ముట్టుకోవద్దు” అన్నాడు.

చప్పుళ్ళాయన మొదటి రెండు వరసలూ కోశాడు. ఇరవై మూడు సెకన్లు. మాటలు ఉంటే ముక్క గుండ్రంగా తిరగదు కాబట్టి మాటల ముందే కత్తెర వేశాడు. మాట్లాడబోయే ముందు అమ్మ తీసుకున్న ఊపిరి ఉంది చూశారా, దాని మీద అతుకు వేశాడు. పాడడానికి తీసుకున్న ఊపిరిలాగే అమిరింది. తన జన్మలో వేసిన అతుకులన్నిటిలో ఇదే మేలైనదని ఆ రోజు సంతోషపడ్డాడు కూడా. ఆ ముక్కకు శుభ్రమైన పేరు పెట్టి ఆటలో చేర్చాడు. పెద్ద రికార్డింగు పాత పేరుతోనే ఉండిపోయింది.

ఒక కాపీ ఇంటికి తెచ్చుకోవచ్చుగా అంటారు. ఆఫీసు రికార్డింగులు బయటికి పోకూడదని చేరిన రోజున సంతకం పెట్టించుకున్న కాగితం ఒకటుంది. ఇలాంటి కాగితాలను నిజంగా పాటించే నలుగురైదుగురిలో ఇతనొకడు. నిజాయితీపరులను మెచ్చుకోవడం మనకలవాటు. ఆ నిజాయితీ ఎవరి గూటికి చేరిందో చూడడం అలవాటు లేదు.

ఆట విడుదలైంది, బాగా ఆడింది. మూడో నెల చివర్లో ఒక పొద్దున అమ్మ పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచింది. వంగి తీసుకోబోయి లేవలేకపోయింది.

ప్రాణం నిలిచింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటలన్నీ పోయి ఒకే ఒక్క మాట మిగిలింది: రేపు. ఎందుకు అదే మిగిలిందో డాక్టర్లకీ తెలియదు. మంచినీళ్ళు కావాలా అంటే రేపు. నొప్పిగా ఉందా అంటే రేపు. రెండు వీధుల అవతల కాపురముండే చెల్లెలు వచ్చి తల్లిని తనింటికి తీసుకెళ్ళింది. చెల్లెలి మొగుడు నోరున్న మనిషి. “అత్తయ్యగారిని ఏ సర్కారు ఆఫీసులో కూర్చోబెట్టినా ఈపాటికి పెద్ద సీట్లో ఉండేవారు. దరఖాస్తు పెట్టగానే రేపు!” అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, సగం మొహంతో.

మాటలు నేర్పే డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. ఒకరోజు, “పాట ఉండే చోటు వేరు, మాట ఉండే చోటు వేరు. ఆవిడ గొంతే ఆవిడకి వినిపించండి. పాడినవీ, మాట్లాడినవీ ఏవున్నా సరే. వాటిని పట్టుకుని కొందరు వెనక్కొస్తారు” అంది.

చెల్లెలు ఫోన్లన్నీ తిరగేసింది. వీడియో తీద్దామని ఫోను ఎత్తగానే చేత్తో మొహం కప్పుకుని నోరు మూసుకునే మనిషి అమ్మ. చెల్లెలి పెళ్ళి వీడియోలో నాలుగుచోట్ల కనిపిస్తుంది, మాట్లాడుతుంది కూడా. పైన మొదటి నుంచి చివరి దాకా బ్యాండు సంగీతం పరిచేశాడు వీడియో తీసినవాడు.

“డెబ్బై ఏళ్ళు నోరు మూయకుండా మాట్లాడింది కదా అన్నయ్యా! ఒక్క ముక్క లేకపోవడమేంటి?”

అప్పుడు గుర్తొచ్చింది చప్పుళ్ళాయనకు. “ఉంది. నా దగ్గరుంది. తొమ్మిది నిమిషాలు. పాటా ఉంది, మాటలూ ఉన్నాయి.”

చెల్లెలు అన్న చెయ్యి పట్టుకుంది. “ఎప్పుడు తెస్తావు?”

“రేపు” అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో గోదాములాయన దగ్గరికి వెళ్ళాడు. గోదాములాయనంటే సర్వర్లు చూసుకునేవాడు. చలిగదిలో స్వెటర్ వేసుకుని కూర్చుంటాడు. ఆఫీసులో ఏ ఫైల్ ఎక్కడుందో అతనికి తెలియాలి.

“పేరు ముందు జంక్ అని ఉందా గురువుగారూ?”

“ఉంది.”

“మరింకేంటి? ఆట విడుదలైన మూడో వారం జంకంతా ఊడ్చేస్తాను కదా.”

“అన్నీనా?”

“అన్నీ. మీరేగా మీటింగులో లేచి చెప్పింది, చెత్త పెరిగిపోయింది, వెతుక్కోలేక చస్తున్నాం, తుడిచెయ్యమని. ఆ రూలు మీదే.”

నిజమే. అది అతని రూలే.

“నకళ్ళుంటాయిగా?”

“తొంభై రోజులుంటాయి.”

“తుడిచి ఎన్నాళ్ళయింది?”

గోదాములాయన లెక్క చూశాడు. “నూట నాలుగు.” అని, ఎదుటి మొహం చూసి, “ఏంటి గురువుగారూ, అంత ముఖ్యమైందా? ముఖ్యమైందానికి జంక్ అని ఎందుకు రాశారు?” అన్నాడు.

మంచివాడు. రెండు రోజులు పాత డిస్కులన్నీ వెతికాడు. చివరికి తుడిచేసిన వాటి జాబితా దొరికింది. అందులో ఆ వరస కాగితం మీద తీసి చేతిలో పెట్టాడు. జంక్, వంటిల్లు, అమ్మ. తొమ్మిది నిమిషాల పద్నాలుగు సెకన్లు. పేరుంది, కొలత ఉంది, సరుకు లేదు.

ఆ కాగితాన్ని చెల్లెలు రెండుసార్లు చదివింది. తర్వాత, “అమ్మ పేరు ముందు చెత్త అని రాశావా?” అంది.

“అది మా దగ్గర అందరం రాసేదే.”

“అందరూ వాళ్ళమ్మ ముందు రాయరు.”

“చెల్లాయ్...”

“పోనీ అమ్మ ఏమందో చెప్పు. నువ్వు విన్నావుగా, కోసేటప్పుడు మళ్ళీ విన్నావుగా?”

రెండుసార్లు విన్నాడు. మొదటిసారి ఊఁ కొడుతూ విన్నాడు. రెండోసారి ఎక్కడ కొయ్యాలా అని విన్నాడు. ఏమందో గుర్తు లేదు. పదిహేను తలుపుల్లో ఏది కిర్రుమన్నా గుర్తుపట్టగల చెవి అది.

ఇంతలో ఆఫీసులో ప్యాకేజీ మేడం పిలిచింది. కొసరు అమ్మే పని ఆవిడది. ఆట కొన్నవాళ్ళు సత్రంలో పాడే ఆవిడ కావాలంటున్నారట, ఆల్బమ్‌లో ఆ పాట తప్పకుండా ఉండాలట, రెండున్నర నిమిషాలైనా రావాలట.

“ఉన్నది ఇరవై మూడు సెకన్లే మేడం.”

“తిప్పండి మరి. మీకు కొత్తా? ఇంతకీ ఎవరండీ ఆ పెద్దావిడ? ఆర్ట్‌బుక్‌లో ఒక పేరా రాయాలి.”

“మా ఇంట్లో ఆవిడే.”

మేడం నవ్వింది. చప్పుళ్ళాయన నోటి నుంచి వచ్చిన మాటకు ఆ ఆఫీసులో మొదటిసారి పడిన నవ్వు అది. “మీరు భలేవారండీ! చెప్పకపోతే పోనివ్వండి, నేనే ఏదో రాసుకుంటా. ఆవిడతోనే ఇంకో నాలుగు పాటలు పాడించండి, తర్వాతి ప్యాకేజీకి పనికొస్తాయి. డబ్బు దగ్గర వెనకాడం.”

“చూస్తాను మేడం” అన్నాడు.

చెప్పెయ్యాల్సింది అంటారు. చెబితే? మేడం చెడ్డ మనిషి కాదు. కళ్ళు తుడుచుకునేది. ఆ తర్వాత ఆ కన్నీళ్ళే ఆర్ట్‌బుక్‌లో రెండు పేజీలయ్యేవి. చప్పుళ్ళాయనకు వ్యాపారం తెలియకపోవచ్చు గానీ, ఈపాటి సంగతి తెలుసు.

ఏడు చుట్లు తిప్పాడు. ఆటలో పాటకు చివర అక్కర్లేదు, ఆల్బమ్‌లో కావాలి. ఏడో చుట్టు ఆ ఊపిరి దాకా తెచ్చి అక్కడ వదిలేశాడు. పంపిన గంటకే తిరిగొచ్చింది. “చివర ఎవరో మాట్లాడబోయి ఆగిపోయినట్టుంది. కొన్నవాళ్ళు ఫైల్ పాడైందనుకుంటారు. మెల్లగా తగ్గించి ముగించండి” అని మేడం రాసింది. మెల్లగా తగ్గించాడు. ఊపిరి రాకముందే గొంతు దూరమై పోయేలా చేశాడు. ప్యాకేజీ మార్కెట్లోకి వెళ్ళింది. ఆర్ట్‌బుక్‌లో సత్రం వంటింటి బొమ్మ కింద ఇలా ఉంది: ‘ఎన్నో ప్రయాణాల తర్వాత దొరికిన ఒక అజ్ఞాత గాయని గొంతు.’ ఆ ప్రయాణం వంటింటి నుంచి ముందు గది దాకా. ఏడడుగులు.

మొదటి వారం కొన్నవాళ్ళలో చెల్లెలు ఒకతె. అన్నకు చెప్పలేదు. అలిగి ఉంది. డాక్టరమ్మ చెప్పిన వైద్యానికి మిగిలింది ఆ రెండున్నర నిమిషాలే కాబట్టి, పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పెట్టి తల్లి పక్కన కూర్చునేది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోను చేసింది. అలక సంగతే మర్చిపోయింది. “అన్నయ్యా, రా! వెంటనే రా! అమ్మ పాడుతోంది!”

చెప్పులు సగం తొడుక్కుని పరుగెత్తాడు. గదిలో అమ్మ కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది. గొంతు సన్నబడింది గానీ అదే గొంతు. మొదటి వరస. రెండో వరస. చప్పుళ్ళాయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఇప్పుడు పైకి పోవాలి.

అమ్మ ఊపిరి తీసుకుంది. సరిగ్గా అక్కడే, అంతే గట్టిగా. తీసుకుని మొదటి వరస అందుకుంది.

ఇంకో చుట్టు విన్నాడు. ఇంకోటి. ప్రతిసారీ రెండు వరసలు, ఊపిరి, మళ్ళీ మొదలు. అతుకు ఎక్కడుందో తెలియనంత శుభ్రంగా ఉంది.

“అమ్మా, తర్వాత పైకెళ్ళేది కదా” అంటూ ఎదురుగా కూర్చుని తనే పాడబోయాడు. రాలేదు. పైకి పోతుందని తెలుసు. ఎలా పోతుందో తెలియదు. రెండు మూడు రకాలుగా లాగి చూశాడు. అమ్మ పాట ఆపి అతని వైపు వింతగా చూసింది.

“ఆపకు అన్నయ్యా, పాడనీ! ఇన్నాళ్ళకి నోరు విప్పింది” అంది చెల్లెలు, కళ్ళు మెరుస్తుంటే.

“లేదు లేదు. బాగుంది. పాడమ్మా.”

భోజనానికని ఇంటికొచ్చిన చెల్లెలి మొగుడు గుమ్మంలోంచే అరిచాడు: “కచేరీ ఎప్పటిదాకా అత్తయ్యగారూ?”

“రేపు” అంది అమ్మ, పాట అందుకుంటూ.

అతను నవ్వుకుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మొదటి వరస అయింది. రెండో వరస అయింది. ఆవిడ గట్టిగా ఊపిరి తీసుకుంది.

“ఏంటమ్మా?” అన్నాడు చప్పుళ్ళాయన, ముందుకు వంగి.

అమ్మ మళ్ళీ మొదటి వరసలోకి వెళ్ళిపోయింది.