వసంత బొట్టు ఎందుకు తుడిచావని అడుగుతున్నవాళ్ళకి

నిన్న పొద్దున మగ్గం దగ్గర ఉండగా ఫోన్ మోగింది. వసంత అద్దెకుంటున్న ఇంటి ఓనర్ ఆంటీ.

"లక్ష్మీ, వసంత లేవట్లేదమ్మా."

జ్వరమేమో అనుకున్నాను. పారాసెటమాల్ షీట్ పట్టుకుని వెళ్ళాను.

హార్ట్ ఎటాక్ అట. నిద్రలోనే.

మంచం పక్కన చంటి పడుకుని ఉంది, వసంత కుక్క. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నన్ను మాత్రం రానిచ్చింది.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు. ఏడుద్దామన్నా తీరిక లేదు, నిన్నటి నుంచి ఒకటే ఫోన్లు. "వాళ్ళ ఇంట్లో అంత పని చేశావేంటి" అని. అందుకే ఈ పోస్ట్.

మా పరిచయం మంగళగిరిలో, పశువుల ఆసుపత్రిలో.

మా పిల్లి జరీ పోగు మింగింది. నోట్లోంచి కొస కనిపిస్తోంది. నేత పనివాళ్ళం కదా, పోగు కొస కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. లాగబోయాను.

"లాగమాకండి. లోపల పేగులు కోసుకుపోతాయి."

గేదెల మధ్యలోంచి ఒకావిడ వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తను టైలర్. ఇదివరకు వాళ్ళ పిల్లి మిషన్ దారం మింగితే తనే లాగేసిందట. అది బతకలేదు.

మా పిల్లికి ఆపరేషన్ చేశారు. బతికింది. ఆ రోజు నుంచి వసంత నాకు ఫ్రెండ్.

చంటికి ఫిట్స్. రెండు పూటలా మాత్ర వేయాలి. "కుక్కకి మూర్ఛేంటి, ఎక్కడన్నా వదిలేసి రా" అనేవాడు వసంత వాళ్ళ అన్నయ్య. మొగుడు కొడుతున్నాడని వసంత పుట్టింటికి వస్తే, "సర్దుకుపోవాలమ్మా" అని మళ్ళీ అక్కడికే పంపబోయింది కూడా ఈయనే. ఆమె వెళ్ళలేదు. మంగళగిరి వచ్చి మిషన్ పెట్టుకుంది.

నాకూ పుట్టిల్లు ఉంది. మా చెల్లి కొడుకు బారసాలకి వెళ్తే, ఉయ్యాల్లో వేద్దామని చేతుల్లోకి తీసుకున్న బాబుని మా అమ్మే వచ్చి తీసుకుంది. నాకు పిల్లల్లేరుగా.

అక్కడ ఏడవలేదు. తిన్నగా వసంత దగ్గరికి వచ్చి ఏడ్చాను. తను బ్లౌజుకి హుక్స్ కుడుతూనే ఉంది.

"ఆ బుడ్డోడు నీ పట్టుచీర తడిపేవాడే. చీర మిగిలింది, సంతోషించు" అంది.

తర్వాత కంచంలో పెరుగన్నం కలిపి నా ముందు పెట్టింది. తినేదాకా మిషన్ ఎక్కలేదు.

ఇక అందరికీ తెలియని సంగతి చెప్తాను.

వాళ్ళన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్. లంగా, జాకెట్టు అన్నీ వసంతే కుట్టింది. వర్క్ చేసీ చేసీ కళ్ళు ఎర్రబడ్డాయి. ఓణీ పళ్ళెం మేనత్త చేతుల మీదుగా ఇవ్వాలి కదా. స్టేజి ఎక్కబోతుంటే వాళ్ళ వదిన ఆపింది. మొగుడిని వదిలేసిన మనిషి చేత్తో వద్దంది. ఆ పళ్ళెం తన తరఫు బంధువు చేత ఇప్పించింది.

వసంత భోజనం చెయ్యకుండా బస్సెక్కింది. ఇంటికొచ్చేసరికి చంటికి ఫిట్స్.

అదే పట్టుచీరలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి సెలైన్ బాటిల్ పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది. జడలో పూలు అలాగే ఉన్నాయి.

అప్పుడు అడిగింది నన్ను. ఒక్కటే.

"నేను పోతే వీళ్ళు ఆయన్నే పిలిపించి నాకు బొట్టు పెట్టిస్తారు లక్ష్మీ. నన్ను కొట్టిన చెయ్యి అది. పెట్టనివ్వమాక."

"ముందు ఆ బాటిల్ సరిగ్గా పట్టుకోవే" అన్నాను.

నిన్న వాళ్ళన్నయ్య వచ్చి తనని తీసుకెళ్ళాక, మధ్యాహ్నం అమరావతి అవతల వాళ్ళ ఊరికి వెళ్ళాను. అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. "మా ఇంటి మహాలక్ష్మికి అశ్రునివాళి." కింద అన్నయ్య ఫోటో, వదిన ఫోటో. చెల్లెలి ఫోటో కన్నా వాళ్ళవే పెద్దగా ఉన్నాయి. ఉన్నప్పుడు ముద్ద పెట్టనివాళ్ళే పోయాక పిండం పెడతారని ఊరికే అనలేదు.

కల్లంలో మిరపకాయలు పక్కకి నెట్టి కుర్చీలు వేశారు. వాటిలో ముందు కుర్చీలో ఆయన, వసంత మొగుడు.

"పుణ్యస్త్రీగా పోయింది, అదృష్టవంతురాలు" అంటున్నారు ఆడవాళ్ళు. ఆయన్ని లేపి కుంకుమ భరిణె చేతికిచ్చారు.

నేను అడ్డంగా నిలబడ్డాను. వద్దని తను నాతో చెప్పిందని అందరి ముందూ చెప్పాను. గట్టిగానే చెప్పాను.

"నువ్వెవరమ్మా చెప్పడానికి? ఇది మా ఇంటి విషయం" అన్నాడు అన్నయ్య. నన్ను పక్కకి లాగారు. ఆయన పెట్టాడు.

పెట్టి చెయ్యి దులుపుకున్నాడు.

అప్పుడు వెళ్ళి నా కొంగుతో తుడిచేశాను. మొత్తం. ఎర్రగా మరక కూడా మిగలకుండా.

నా నుదుటి మీదున్న స్టిక్కర్ తీసి తనకి పెట్టాను.

అవును, అందరూ అనుకుంటున్నది నిజమే. ముత్తైదువ బొట్టు తుడిచాను. మొగుడు బతికుండగా నా బొట్టు తీసి శవానికి పెట్టాను. శాపనార్థాలు పెట్టారు, గేటు దాకా నెట్టారు. రాత్రి మా అమ్మ కూడా ఫోన్ చేసి తిట్టింది.

మా ఆయన మాత్రం చంటికి మాత్ర వేశానని చెప్పాడు. అది ఇక మా ఇంట్లోనే ఉంటుంది.

ఇంకెవరైనా అడగాలంటే ఇక్కడే అడగండి. ఫోన్ ఎత్తను.

వసంతా, ఆయన పెట్టిన బొట్టుతో నువ్వు వెళ్ళలేదు. వెళ్ళిరావే.

ఆ ఇంటివాళ్ళు ఒక్కరు కూడా లేని చోట ప్రశాంతంగా ఉండు.