ఫిజిక్స్ వచ్చే ఏడు

మస్కట్‌లో మా తెలుగువాళ్లకు ఒక మర్యాద ఉంది. ఎంత దగ్గరివాళ్లయినా సరే, బతాకా రెన్యూవల్ అయిందా అని ఒకరినొకరు అడగరు. బతాకా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు. అది ఉన్నన్నాళ్లే ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి. జీతమెంతని అడుగుతారు, పెళ్లెప్పుడని అడుగుతారు, ఇంకా పిల్లల్లేరా అని కూడా మొహమాటం లేకుండా అడుగుతారు. కార్డు సంగతి మాత్రం ఎత్తరు. ఎత్తితే అపశకునమట. ఈ మర్యాదను మా ఇంట్లో మాలో మేము కూడా పాటించేవాళ్లం. నేను ఫిజిక్స్ చదవకపోవడానికి అదే కారణం.

నాన్నను మేం బాపు అంటాం. కరీంనగర్ వైపు మనిషి, ఇక్కడొక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజినీరు. అల్ ఖువైర్‌లో ఫ్లాటు, నాకు అమెరికా సిలబస్ బడి, అన్నీ కంపెనీ ఖర్చే. నేను పదో తరగతిలో ఉండగా ఒకసారి పెద్ద వాన కురిసి వాదీ పొంగింది. ఏడాది పొడుగునా రాళ్లు తేలి ఉండే వాగు అది. మోకాలి లోతు నీళ్లు అంత పెద్ద జీపును ఎత్తుకుపోవడం స్కూలు బస్సులోంచి చూశాను. మర్నాడు సైన్స్ టీచర్ని అడిగితే బోర్డు మీద లెక్క మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు. మిగతాది అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్‌లో వస్తుందన్నాడు. ఆ మిగతా సగం నాకు కావాలి. అంతకుముందు ఏ చదువు మీదా నాకంత ఆశ పుట్టలేదు.

పదకొండులో సబ్జెక్టులు ఎంచుకునే రోజులొచ్చాయి. అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్, కాల్కులస్ రెండూ ఒకే ఏడాది తీసుకోనివ్వరు. ఏది ముందో మనమే తేల్చుకోవాలి. కాల్కులస్ ముందు చదివితే పన్నెండులో ఫిజిక్స్ సాఫీగా సాగుతుంది, ఫిజిక్స్ ముందు తీసుకుంటే లెక్కల దగ్గర తంటాలు పడతావు, అయినా నీ ఇష్టం అంది బడిలో కౌన్సెలర్ మేడం. ఆవిడ చెప్పింది సబబే. కానీ పన్నెండో తరగతికి మేం ఈ దేశంలో ఉంటామా లేదా అన్నది ఆవిడకేం తెలుసు?

ఆ ఏడాది బాపు కంపెనీలోంచి ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. శుక్రవారాలు సరుకులకని హమ్రియా వెళ్తే కనపడే మావైపువాళ్లు పలచబడ్డారు. ఒకాయన ఫ్రిజ్ అమ్మేస్తున్నాడని, ఇంకొకాయన భార్యాపిల్లల్ని ముందే పంపేశాడని అమ్మ వంటింట్లోంచి చెప్పేది. బాపు టీవీ సౌండ్ పెంచేవాడు. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడేవాడు. నాకు భయం వేసేది. ఆ భయం బయటపెట్టకూడదనీ తెలుసు.

ఫిజిక్స్ ఇప్పుడే కావాలని అడిగితే, వచ్చే ఏడు నీ ఉద్యోగం ఉండదు అని బాపు మొహం మీద అన్నట్టే. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చివరికి ఒక శుక్రవారం, బియ్యం బస్తా వేసుకుని హమ్రియా నుంచి తిరిగొస్తుంటే కారులో చెప్పేశాను.

"బాపూ, నేను కాల్కులస్ ముందు తీసుకుంటా. ఫిజిక్స్ వచ్చే యేడు."

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పి నా మొహం చూశాడు. "నీకు ఫిజిక్సంటే పానం గదా బిడ్డా?"

"గట్లయితేనే మంచిగుంటదని మేడం చెప్పింది. నాక్కూడా గదే నచ్చింది" అని నవ్వాను. కాల్కులస్ ఎంత బాగుంటుందో దారి పొడుగునా చెప్పుకొచ్చాను, ఒక్క పేజీ తెరిచి చూసిన పాపాన పోకుండానే.

"సరే తియ్యి. ఫిజిక్సు యాడికి వోతది" అన్నాడు బాపు.

చలికాలం పోకముందే ఉద్యోగం పోయింది. నా పదకొండు పూర్తయ్యేదాకా కంపెనీవాళ్లు ఉండనిచ్చారు, అదే పదివేలు. సామాను అమ్మగలిగింది అమ్మి కరీంనగర్ చేరాం. అక్కడి కాలేజీలో ఒకాయన నా కాల్కులస్ మార్కులు చూసి తెగ మెచ్చుకుని, "మరి ఫస్టియర్ ఫిజిక్స్ ఏది?" అన్నాడు. వచ్చే ఏడు చదవొచ్చని ఆగానంటే వింతగా చూశాడు. ఇక్కడ ఇంటర్‌లో ఫిజిక్స్ రెండేళ్లూ చదవాలి, సగంలో ఎక్కడానికి వీల్లేదు. ఇది తెలియనిది ఎవరికి? అదే ఊళ్లో ఇంటర్ చదివిన బాపుకు తెలీదా, అమ్మకు తెలీదా? కానీ తిరిగొచ్చి చదవాల్సిన చదువు గురించి ఆలోచిస్తే తిరిగి రాబోతున్నామని ఒప్పుకున్నట్టే. అందుకని ముగ్గురం ఆ వైపే చూడలేదు.

నేను చదివినవాటికి ఎంఈసీ అయితే కుదురుతుందన్నారు. ఫిజిక్స్ కావాలంటే మళ్లీ ఫస్టియర్ నుంచి మొదలుపెట్టాలి. బాపు పని లేకుండా ఉన్నాడు. ఎంఈసీ బాగానే ఉంటుందిలే అన్నాను. బయటకొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు ఎండ తగులుతోందన్నట్టు చున్నీ మొహం మీదకు లాక్కుని ఏడ్చాను. పక్కనే ఉన్న అమ్మకు తెలియలేదు.

ఇప్పుడు మళ్లీ మస్కట్‌లోనే ఉన్నాను, అజైబాలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. తిండికి లోటు లేదు. పని మీద ఇష్టం ఎప్పుడూ కలగలేదు, ఇక కలుగుతుందన్న ఆశా లేదు.

పోయిన సెలవులకు ఇంటికి వెళ్తే, ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక బాపు తనే ఆ మాట ఎత్తాడు.

"కారుల చెప్పినవు సూడు, ఫిజిక్స్ వచ్చే యేడని. గప్పటికే కంపెనీల నాకు చెప్పేసిన్రు బిడ్డా, చేతిల ఉన్న పని అయినంక ఇంక ఉంచుకోం అని. ఇంట్ల ఎట్ల చెప్పాల్నో సమజ్ గాలే. నువ్వు ఫిజిక్స్ ఇప్పుడే కావాలంటవేమో, గదే మాట మీద నీకూ మీ అమ్మకూ అంతా చెప్పేద్దామని సూస్తుంటి."

నాకు కోపమొచ్చింది. "నేను అడగకపోతే ఏమైంది? నువ్వే చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? నీ మొఖం జూస్తే గంత సంబురంగ ఉండె. చెడగొట్ట బుద్ధి గాలే."

ఆ సంబరం మొహం మీదకు తెచ్చుకోవడానికి ఆ రోజు నేనెంత కష్టపడ్డానో ఆయనకు చెప్పలేదు.